సబ్బు గట్టిపడటానికి మూడేళ్లలో నేను కలిపి చూసినవి

శ్రీకాకుళంలో మా ఇంట్లో బయట సబ్బు కొని మూడేళ్లయింది, నేనే ఇంట్లో చేస్తాను. మొదటిసారి తవుడునూనె ఎక్కువ పోసి చేశాను, వారం దాటినా నొక్కితే వేళ్ల గుర్తులు పడేవి. మా అత్తయ్య చూసి "ఇదేటమ్మా, సబ్బా జున్నా?" అన్నారు. ఇక అప్పటినుంచి ఎవరేం కలపమంటే అది కలిపాను.

ముందు సోడియం లాక్టేట్, అంటే లాక్టిక్ యాసిడ్ నుంచి తయారయ్యే ఒక లవణం. ఆన్‌లైన్‌లో ద్రావణంగా దొరుకుతుంది, అర కిలో నూనెకి ఒక టీస్పూను, నూనెని సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా నీళ్లు చల్లారాక అందులో పోయాలి. మర్నాటికే సబ్బు మోల్డ్‌కి అంటుకోకుండా ఊడొచ్చింది, ఒక్క మూల కూడా చెదరలేదు. ఆ సంబరంలో తర్వాతిసారి ఎక్కువ పోస్తే కోస్తుంటేనే పొడిపొడిగా రాలింది. అయితే బాత్‌రూమ్‌లో అరగడం దగ్గరికొస్తే, అది వేసినా వేయకపోయినా నాకు పెద్ద తేడా కనబడలేదు.

ఉప్పు కూడా దాదాపు అదే పని చేస్తుంది, ఖర్చే లేదు. మా దగ్గర నౌపడ గల్లుప్పు ఉంటుంది కదా, అర కిలో నూనెకి అర టీస్పూను, కాస్టిక్ సోడా వేయకముందే నీళ్లలో పూర్తిగా కరిగించాలి. ఎక్కువైతే నురగ తగ్గుతుంది.

స్టియరిక్ యాసిడ్ (కొవ్వుల నుంచి తీసే, మైనంలా ఉండే పదార్థం) జోలికి మళ్లీ వెళ్లను. ఒక్క శాతమే వేశాను, నిమిషంలో అంతా బిగుసుకుపోయి బ్లెండర్ తిరగడం మానేసింది, చివరికి గరిటెతో ఉప్మాలా మోల్డ్‌లోకి కూరాను. తేనెమైనం గట్టిదనం ఇస్తుంది కానీ నురగని చంపేస్తుంది.

అసలు తేడా నూనెల్లోనూ ఆరబెట్టడంలోనూ ఉంది. కవిటి నుంచి పిన్ని పంపే కొబ్బరినూనె నలభై శాతం (అంతకు మించితే నా చర్మం పొడిబారింది), పామాయిల్ ముప్పై, మిగతాది తవుడునూనె, కాస్త ఆముదం. తర్వాత కనీసం ఆరు వారాలు ఆరాలి, మన వానాకాలంలో ఇంకా ఎక్కువే, ఎందుకంటే సబ్బులో ఉన్న గ్లిజరిన్ గాల్లో చెమ్మని లాగి పైన చెమటలా పడుతుంది. నేను వారానికోసారి వంటింటి కాటాలో తూస్తాను: 118 గ్రాములున్న ముక్క 106కి దిగి అక్కడ ఆగిపోయింది, అప్పుడు వాడకానికి తీశాను. రెండు వారాలకే తొందరపడి వాడిన దాని జోడీ ముక్క సబ్బు పెట్టెలో ముద్దయిపోయింది, ఇది మాత్రం నెల దాటి వచ్చింది.

సోడియం లాక్టేట్ సీసా సగం అలాగే ఉంది. పువ్వుల డిజైన్ మోల్డ్ వాడినప్పుడు మాత్రమే బయటికి తీస్తాను, రేకులు విరక్కుండా రావాలి కదా.