సుల్తాన్ బజార్ భాషా నిలయం: తెలుగు, చరిత్ర చదివే మన జిల్లాల పిల్లలు వెళ్ళాల్సిన లైబ్రరీ

నల్గొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాద్ పోయినవాళ్ళు కోఠిలో అడుగు పెట్టకుండా తిరిగిరారు. గైడ్లు కావాలన్నా, సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కావాలన్నా, పెళ్ళి బట్టలు కావాలన్నా అటే పోతాం. అక్కడే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది, 1901 సెప్టెంబర్ 1న పుట్టిన గ్రంథాలయం. డిగ్రీ, పీజీ చేసే మన పిల్లల్లో దాని పేరు విన్నవాళ్ళు చాలా తక్కువ. మా అమ్మాయి ఎం.ఏ. తెలుగు ప్రాజెక్టు పని మీద ఇద్దరం వెళ్ళొచ్చాం, నాకు ఎంతో నచ్చింది కాబట్టి రాస్తున్నాను.

వెళ్ళడం తేలిక. మన బస్సులు ఎంజీబీఎస్‌కు వస్తాయి, అక్కడే మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే సుల్తాన్ బజార్. బయటికొచ్చాక దుకాణాల వాళ్ళను అడుగుతూ పోవచ్చు.

పెద్ద పెద్ద కమాన్లు, ఎత్తైన హాళ్ళు చూసి ఫొటోలు దిగాలనుకుంటే మాత్రం అఫ్జల్‌గంజ్ వెళ్ళండి. మూసీ ఒడ్డున 1936 నాటి భవనంలో ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అంటే పాత అసఫియా లైబ్రరీ, దానికి సరైన చోటు. భాషా నిలయం కూర్చుని పని చేసుకునే చోటు. ఒక పుస్తకం పేరో, ఒక పత్రిక పేరో, కనీసం ఒక మనిషి పేరో పట్టుకుని వెళ్ళాలి, ఊరికే బీరువాలు చూసి వద్దామని వెళితే అరగంటలో బయటికి వచ్చేస్తారు.

దీని చరిత్ర తెలిస్తే లోపల కూర్చున్నప్పుడు మనసు ఇంకోలా ఉంటుంది. నిజాం రాజ్యంలో సర్కారు ఆఫీసుల్లో ఉర్దూ, బడుల్లో ఉర్దూ, తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాషగా మిగిలిపోయిన రోజుల్లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు కలిసి దీన్ని మొదలుపెట్టారు. మొదట రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే నడిచింది, సొంత భవనం 1921లో వచ్చింది. మునగాల అంటే మన సూర్యాపేట పక్కనే కదా! అప్పట్లో అది చుట్టూ నిజాం గ్రామాలున్నా బ్రిటిష్ వాళ్ళ కృష్ణా జిల్లాకు చెందిన పరగణా, లక్ష్మణరావు గారు ఆ సంస్థానంలోనే పనిచేశారు. తర్వాతి కాలంలో మాడపాటి హనుమంతరావు గారు, పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు గారు లాంటివాళ్ళు నిలయం కోసం పనిచేశారు. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళు పెట్టుకున్న సంఘం ఆంధ్ర మహాసభ, 1931లో దేవరకొండలో జరిగిన దాని సభకు అధ్యక్షుడు ఆ బూర్గులే. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో మనుషులు ఒకచోట చేరడానికి గ్రంథాలయాలే ఆసరా అయ్యాయి. అందుకే ఇది మన జిల్లాల చరిత్ర కూడా అంటాను, హైదరాబాద్ వాళ్ళకే వదిలేయకూడదు.

మా అమ్మాయి వెతికింది గోలకొండ కవుల సంచిక. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో 1934లో తెచ్చిన పుస్తకం అది. అందులో మన వైపు కవులెవరో ఏరి, వాళ్ళ ఊళ్ళు ఇప్పుడు ఏ మండలంలో ఉన్నాయో చూడడం తన ప్రాజెక్టు. పేరు చెప్పగానే తీసిచ్చారు, ఓపికగా మాట్లాడారు. కంప్యూటర్‌లో పీడీఎఫ్ చూస్తే సరిపోదా అని నేనే అడిగాను ముందు. ఆ పుస్తకానికి సరిపోతుందేమో కానీ, దాన్ని చదువుతుంటే వచ్చే సందేహాలకు పక్కన ఇంకో పుస్తకం కావాలి, దాని గురించి తెలిసిన మనిషి కావాలి. అక్కడ పత్రికలు చదువుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన మా మాటలు విని, "పాత తాలూకా పేర్లతో వెతుకమ్మా, ఇప్పటి జిల్లా పేర్లతో దొరకవు" అన్నారు. పాత నల్గొండ మూడు జిల్లాలైంది, పాత మహబూబ్‌నగర్ ఐదైంది, ఆ ఒక్క మాటతో తన పని సగం తేలికైంది.

వెళ్ళేవాళ్ళకు ఒకటి గట్టిగా చెప్పాలి. వందేళ్ళ నాటి కాగితం, ముఖ్యంగా పత్రికల కాగితం, అందులోని ఆమ్లం వల్ల గోధుమ రంగుకు తిరిగి, మడత పెడితే అప్పడంలా విరిగిపోతుంది. వేలు తడి చేసుకుని పేజీ తిప్పొద్దు, పై మూలన పట్టుకుని మెల్లగా తిప్పండి. జిరాక్స్ మెషిన్ మీద బోర్లించి నొక్కితే కుట్లు తెగుతాయి, అనుమతి అడిగి ఫ్లాష్ లేకుండా ఫోన్‌లో తీసుకోవడం మేలు. ఏ గ్రంథాలయంలో చూసినా పెన్నుతో గీతలు గీసిన పేజీలు, బ్లేడుతో కోసుకుపోయిన పేజీలు కనిపిస్తున్నాయి, చూస్తే కడుపు మండుతుంది. తర్వాత చదివే పిల్లలకు ఆ పేజీ ఎక్కడ నుంచి తెస్తారు?

తెలుగు, చరిత్ర, జర్నలిజం చదివేవాళ్ళకు నా మార్కులు ఐదుకు ఐదు. గ్రూప్స్ ప్రిపరేషన్‌కు రోజంతా కుర్చీ కావాలంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ మంచిది, అక్కడంతా అలాంటివాళ్ళే ఉంటారు. పొద్దున్నే బయల్దేరండి, సెలవులు, వేళలు ముందే కనుక్కోండి, నోటుబుక్కు మర్చిపోవద్దు. మా అమ్మాయికి ఇంకా నల్గొండ నుంచి 1922లో మొదలైన నీలగిరి పత్రిక సంచికలు ఎక్కడెక్కడ మిగిలాయో వెతికే పని ఉంది, వచ్చే సెలవుల్లో మళ్ళీ వెళ్తాం.