కోటి రూపాయల కేడెట్ పైలట్ కోర్సు: చేసి, ఉద్యోగంలో స్థిరపడ్డాక నా మాట

ముందే చెప్పేస్తాను. ట్రైనింగ్ బాగుంది. ధర ఎక్కువ. చేరితే ఉద్యోగం ఖాయం అనే మాట మాత్రం నమ్మొద్దు. నేను 2018లో ఒక ఎయిర్‌లైన్ కేడెట్ ప్రోగ్రాంలో చేరాను. ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ320 విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కెప్టెన్ పక్క సీటు పైలట్‌ని. ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లల అమ్మానాన్నలు నన్ను అడిగేవాటికి ఒక్కచోట జవాబు ఉంటే బాగుంటుందని రాస్తున్నాను.

మామూలు దారిలో అయితే మనమే ఒక ఫ్లయింగ్ స్కూలు వెతుక్కోవాలి. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లు ఒక్కోటి 70 శాతంతో పాసవ్వాలి. 200 గంటలు ఎగిరి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) తెచ్చుకోవాలి. దీనికి ఇప్పుడు సుమారు 50 లక్షలవుతుంది, ఏ320 టైప్ రేటింగ్‌కు (ఆ రకం విమానం నడిపే అర్హతకు) ఇంకో 15, 20 లక్షలు. అవన్నీ చేతికొచ్చాక ఏ ఎయిర్‌లైన్ ఖాళీలు ప్రకటిస్తుందా అని కూర్చోవాలి. కేడెట్ ప్రోగ్రాంలో ఎయిర్‌లైనే ముందు పరీక్షలు పెట్టి ఎంచుకుంటుంది, తనతో ఒప్పందం ఉన్న స్కూలుకు పంపుతుంది. సీపీఎల్, టైప్ రేటింగ్ రెండూ కలిపి ఒకే ప్యాకేజీ. ఈ ప్యాకేజీలు ఇప్పుడు కోటి రూపాయల అటూ ఇటూ ఉంటున్నాయి.

అంటే తేడా దాదాపు 30 లక్షలు. ఆ డబ్బుకు దొరికేదేమిటి?

నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది, ఎంపిక ముందే అయిపోవడం. లెక్కలు, ఫిజిక్స్, ఇంగ్లీషు రాత పరీక్ష ఒక మెట్టు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేతికి జాయ్‌స్టిక్, కాళ్లకు పెడల్స్ ఇస్తారు. తెర మీద గీతను మధ్యలో నిలబెడుతూనే చెవిలో వినిపించే అంకెలు గుర్తుపెట్టుకోవాలి. ఆపైన గ్రూప్ టాస్కు, ఇంటర్వ్యూ. నాతోపాటు వరంగల్ నుంచి వచ్చిన ఒకబ్బాయి ఆ జాయ్‌స్టిక్ దగ్గరే ఆగిపోయాడు. చాలా బాధపడ్డాడు. కానీ వాళ్ల నాన్నకు ఖర్చయింది పరీక్ష ఫీజు, ప్రయాణ ఖర్చులే. అదే పరీక్షను మామూలు దారిలో వచ్చినవాళ్లు 50 లక్షలో అంతకన్నా ఎక్కువో ఖర్చు పెట్టాక రాస్తారు. అక్కడ తప్పితే పోయేది ఎంతో ఆలోచించండి.

రెండోది, అలవాట్లు. చిన్న డైమండ్ విమానంలో ఒంటరిగా ఎగిరే రోజుల నుంచే మాకు ఎయిర్‌లైన్ పద్ధతి నేర్పారు. ప్రతి పనికీ ఒక వరస, ప్రతి మార్పునీ పైకి చెప్పడం, ల్యాండింగ్‌కు వస్తూ వేగమో ఎత్తో కుదరకపోతే మారుమాట లేకుండా గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేచిపోవడం. దీని విలువ నాకు ఏ320 సిమ్యులేటర్‌లో తెలిసింది. టేకాఫ్‌లో వీ1 వేగం దాటిందంటే ఇక ఆగేది లేదు, పైకి లేవాల్సిందే. సరిగ్గా ఆ క్షణాన ఇన్‌స్ట్రక్టర్ ఒక ఇంజన్ ఆపేస్తాడు. విమానం ఒక పక్కకు లాగుతుంది, హెచ్చరిక మోగుతుంది, లైటు వెలుగుతుంది. అప్పుడు చేయాల్సిందల్లా రడ్డర్‌తో (తోక మీది చుక్కానితో) ముక్కును తిన్నగా పెట్టి ఎక్కడమే. 400 అడుగులు దాటేదాకా ఆగిన ఇంజన్ సంగతి చూడటం మొదలుపెట్టకూడదు. మామూలు దారిలో వచ్చిన నా సిమ్యులేటర్ పార్ట్‌నర్ చేత్తో విమానం నడపడంలో నాకన్నా మెరుగు. అయినా మొదట్లో అన్నీ తనే చేసేయబోయేవాడు, పక్క సీటు మనిషికి పని అప్పజెప్పడం అలవాటు లేదు. నాకు అది అప్పటికే అబ్బింది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కొన్ని సెషన్లు తిరిగేసరికి అతనూ నాతో సమానమయ్యాడు. ఇవాళ మా కాక్‌పిట్‌లో ఎవరు ఏ దారిన వచ్చారో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. మొదట్లో సుఖంగా ఉంటుంది, అంతే. దానికోసమే 30 లక్షలు ఎక్కువ పెట్టక్కర్లేదు.

ఇక బాధపెట్టిన సంగతులు. ఫ్లయింగ్ స్కూల్లో స్టూడెంట్లకు సరిపడా విమానాలు లేవు. వానాకాలంలో మబ్బులు కిందికి దిగితే రోజుల తరబడి ఫ్లయింగ్ ఉండదు. ఎండ కాసిన రోజున విమానం మెయింటెనెన్స్‌కు పోయేది, లేదా ఇన్‌స్ట్రక్టర్ సెలవులో ఉండేవాడు. బ్రోషర్లో రాసిన గడువు దాటిపోయింది. గడువు పెరిగితే హాస్టల్ ఖర్చు మనదే, బ్యాంకు వడ్డీ మనదే. చెక్ రైడ్‌కు (విమానంలో పెట్టే పరీక్షకు) ముందు గ్యాప్ వచ్చిందని ఇంకో రెండు గంటలు ఎగరమంటే ఆ బిల్లూ మనదే. ఆలస్యం ఎవరివల్ల జరిగిందన్న ప్రశ్నే ఎవరూ వేయరు. కోటి రూపాయలు తీసుకునేవాళ్లు కనీసం దీనికైనా పూచీ పడాలి. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

ఉద్యోగానికి గ్యారంటీ లేదన్న మాట మాతో మొదట పైకి అన్నది తెనాలిలో బ్యాంకు ఆఫీసరు. లోను కోసం ఒప్పందం కాగితాలు ఇస్తే ఆయన పెన్ను పట్టుకుని ప్రతి పేజీ చదివారు. ఒక చోట ఆగి, "ఇందులో ఉద్యోగం ఇస్తామని ఎక్కడుందండీ? కంపెనీ అవసరాన్ని బట్టి పరిశీలిస్తామని మాత్రమే ఉంది" అన్నారు. నాన్న తలూపి, "అవునండీ, చూశాను. వాడు ఇదే కావాలంటున్నాడు" అన్నారు. ఇల్లు తాకట్టు పెట్టారు. (పొలం పెడదామని వెళ్లేవాళ్లు గమనించండి, వ్యవసాయ భూమిని చదువు లోనుకు చాలా బ్యాంకులు ఒప్పుకోవు.)

ఆ ఒక్క వాక్యం ఎంత బరువైనదో 2020లో తెలిసింది. నా సీపీఎల్ చేతికొచ్చిన కొన్నాళ్లకే కరోనా. మార్చి 25న దేశీయ విమానాలన్నీ ఆగిపోయాయి. మే 25న మొదలైనా ఎయిర్‌లైన్లు ఉన్నవాళ్లకే జీతాలు కోస్తున్నాయి, మమ్మల్ని పిలిచేదెవరు? 2022 వరకు ఎదురుచూశాను. ఖాళీగా కూర్చున్నా లైసెన్సు ఊరుకోదు. ఏటా క్లాస్ 1 మెడికల్ (ఉద్యోగ పైలట్లకు కావాల్సిన ఆరోగ్య పరీక్ష), ఏటా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్ (బయట కనపడకపోయినా మీటర్లు చూసి నడపగలమా అన్న పరీక్ష). ఆ చెక్ కోసం విమానం గంటల లెక్కన అద్దెకు తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నేవిగేషన్, మెటీరియాలజీ చెప్పి ఆ ఖర్చులు లాక్కొచ్చాను. రాత్రిళ్లు నాన్న వడ్డీ లెక్క వేసుకోవడం చూస్తే కలిగే టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఆ లెక్క మీరూ వేయండి. 80 లక్షల లోను, 11 శాతం వడ్డీ అనుకుందాం. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు లక్షా 10 వేలు కట్టాలి. ఉద్యోగం ఒక ఏడాది ఆలస్యమైతే వడ్డీయే దాదాపు 9 లక్షలు పెరుగుతుంది. జీతం మంచిదే, కాదనను. కానీ ట్రైనింగ్ నెలల్లో పూర్తి జీతం రాదు, ఫ్లయింగ్ గంటలు పెరిగేకొద్దీ నెమ్మదిగా పెరుగుతుంది. చేరిన మొదటి నెల నుంచే ఈఎంఐ తేలికైపోతుందనుకోకండి.

"దేశంలో పైలట్ల కొరత ఉందిగా" అని చాలామంది అంటారు. 2025 డిసెంబర్‌లో పైలట్ల కొత్త విశ్రాంతి నిబంధనలకు తగ్గట్టు డ్యూటీ రోస్టర్లు కుదరక ఇండిగో వేల విమానాలు రద్దు చేసినప్పుడు ఈ మాట ఇంకా పెరిగింది. కొరత ముఖ్యంగా కెప్టెన్లది, అనుభవమున్న ఫస్ట్ ఆఫీసర్లది. కెప్టెన్ కావడానికి కావాల్సిన ఏటీపీఎల్ అనే పై లైసెన్సుకు 1500 ఫ్లయింగ్ గంటలుండాలి. 200 గంటల సీపీఎల్‌తో బయట నిలబడ్డవాళ్లకు కొరతేమీ లేదు. పైగా 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు వందల మంది అనుభవజ్ఞులు ఒక్కసారిగా బయటికొచ్చారు. క్యూలో వాళ్లే ముందుంటారు, కేడెట్ కాగితం ఉన్నా సరే.

కాబట్టి నా సలహా ఇది. ఉద్యోగం రెండేళ్లు ఆలస్యమైనా ఇల్లు కదలకుండా వడ్డీ కట్టగలిగితే చేరండి. మీరు ఇచ్చే డబ్బుకు క్రమం ఉన్న ట్రైనింగు, ముందే తేలిపోయిన ఎంపిక దొరుకుతాయి. ఉన్న ఒక్క ఇంటినీ తాకట్టు పెట్టి, మొదటి జీతం మీదే ఆశ పెట్టుకునే పరిస్థితి అయితే వద్దు. ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్‌లోని ప్రభుత్వ అకాడమీ ఇగ్రువా ఎంట్రన్స్ రాయండి, ఫీజు కేడెట్ ప్యాకేజీలో సగం దాకానే ఉంటుంది. మా ఇంటికి మంచే జరిగింది, లోను తీరుతోంది. నాతో ట్రైనింగైన అందరి ఇళ్లకూ అలా జరగలేదు.

ఏ దారైనా సరే, ఒక్క రూపాయి ఫీజు కట్టకముందే మెడికల్ చేయించండి. మొదటి మెట్టయిన క్లాస్ 2తో సరిపెట్టకుండా క్లాస్ 1 దాకా వెళ్లండి. కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరనుకుంటారు, అది తప్పు, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు. రంగులు గుర్తించడంలో లోపం ఉంటేనే కష్టం. అది చాలామందికి ఆ పరీక్షలోనే మొదటిసారి తెలుస్తుంది. తర్వాత ఎయిర్‌లైన్‌ను మెయిల్‌లో అడగండి: అదనపు గంటల ఖర్చు ఎవరిది, మధ్యలో ఆపేస్తే ఎంత తిరిగిస్తారు, ట్రైనింగ్ అయ్యాక ఎన్ని నెలల్లో పిలుస్తారు, బాండ్ ఎన్నేళ్లు. ఫోన్లో చెప్పే జవాబులు పనికిరావు.

మా పిన్ని కొడుకు ఈ ఏడాది ఇంటర్ అయ్యాడు. బెంగళూరులో క్లాస్ 1 మెడికల్ పాసయ్యాడు, ఇగ్రువాకూ ఒక కేడెట్ ప్రోగ్రాంకూ రెండింటికీ రాస్తున్నాడు. కేడెట్‌వాళ్లకు పంపిన ప్రశ్నల్లో రెండింటికి జవాబొచ్చింది. మిగతావి కూడా వచ్చేదాకా అడ్వాన్సు కట్టొద్దని బాబాయికి చెప్పాను.