స్ట్రీమింగ్‌కి రెండు పీసీలు రెండేళ్ళు, ఒక్క పీసీ మూడేళ్ళు వాడాక నా అనుభవం

ముందే చెప్పేస్తా, ఇప్పుడు కొత్తగా గేమ్ స్ట్రీమింగ్ మొదలుపెట్టేవాళ్ళకి, గేమ్ ఒకదాంట్లో ఆడుతూ స్ట్రీమ్ ఇంకోదాన్నించి పంపడానికని రెండో పీసీ అక్కర్లేదు. నేను రెండేళ్ళు రెండు పీసీలతో చేశా, ఆ తర్వాత మూడేళ్ళ పైనుంచి ఒక్కదానితోనే లాగిస్తున్నా, వారానికి నాలుగైదు రాత్రులు, కూర్చుంటే నాలుగు గంటలకి తక్కువ లేవను, కాబట్టి ఈ మాట ఎక్కడో విని చెప్పట్లేదు.

అసలు రెండోది ఎందుకు పెట్టానంటే అప్పట్లో నాది నాలుగు కోర్ల ప్రాసెసర్. స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో ఎక్స్264ని, అంటే సీపీయూ మీద నడిచే ఎన్‌కోడర్‌ని (వీడియోని నెట్‌లో పంపడానికి కుదించేది), తక్కువ బరువుండే వెరీఫాస్ట్ సెట్టింగ్ మీద పెట్టినా గేమ్ ఓపెన్ అవగానే సీపీయూ వంద శాతానికి పోయేది, నాకేమో గేమ్ ఆగి ఆగి నడిచేది, చూసేవాళ్ళకి ఇంకా ఘోరం. పోనీ గ్రాఫిక్స్ కార్డులో ఉండే ఎన్‌కోడర్ వాడదామంటే నా పాత కార్డుతో 1080పీ 60 ఫ్రేమ్స్, 6000 కేబీపీఎస్‌లో (సెకనుకి పంపే డేటా) గడ్డి, ఆకులు, వాన ఉన్న చోటికి వెళ్తే చాలు బొమ్మంతా గళ్ళు గళ్ళు అయిపోయేది. దాంతో పక్కన ఇంకో పీసీ పెట్టి, గేమ్ పీసీ బొమ్మని అందులోకి తీసుకునే క్యాప్చర్ కార్డు వేసి, ఎన్‌కోడింగ్ మొత్తం అక్కడికి తోసేసి ఎక్స్264ని ఇంకా నాణ్యంగా, ఇంకా బరువుగా ఉండే మీడియంలో పెట్టా. బొమ్మ చాలా బాగా వచ్చేది, అందులో సందేహం లేదు.

కానీ ఆడియో దగ్గర ప్రాణం పోయింది. గేమ్ సౌండ్ హెచ్‌డీఎంఐలో వచ్చేస్తుంది సరే, మైక్ ఎక్కడ పెట్టాలి? టీమ్‌మేట్స్‌కి వినపడాలంటే గేమ్ పీసీకి ఉండాలి, స్ట్రీమ్‌లో వినపడాలంటే రెండోదానికి ఉండాలి. నేను ఒక 3.5 ఎంఎం కేబుల్ ఒకదాన్నించి ఇంకోదానికి లాగాను, ఆ రోజు నుంచి వెనకాల సన్నగా గుయ్‌మని ఒకటే మోత, చాట్‌లో ప్రతి రోజూ ఎవరో ఒకరు "అన్నా ఏదో మోగుతోంది" అని పెట్టేవాళ్ళు. మైక్ మార్చా, కేబుల్ మార్చా, పోలేదు. ఒక రాత్రి స్ట్రీమ్ అయిపోయాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఊరికే మౌస్ కదిపితే ఆ మోత కూడా దాంతోపాటే మారుతోంది, మౌస్ ఆపితే మళ్ళీ పాత మోతే. అప్పుడు అర్థమైంది ఇది మైక్ గొడవ కాదు, గ్రౌండ్ లూప్ అని. రెండు పీసీలూ కరెంటు ప్లగ్గుల ద్వారా ఎర్త్‌కి కలిసే ఉన్నాయి, మళ్ళీ ఈ ఆడియో కేబుల్‌తో ఇంకోసారి కలిపేసరికి అదొక చుట్టు అయిపోయి ఆ రొద అంతా లైన్‌లోకి వస్తోంది. కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బా పెడితే ఒక్క క్షణంలో పోయింది, కానీ అది తెలియడానికి నాకు నెలన్నర పట్టింది.

తర్వాత సింక్, అంటే బొమ్మా మాటా ఒకేసారి రావడం. క్యాప్చర్ కార్డు నుంచి బొమ్మ కాస్త లేటుగా వస్తుంది, మైక్, కెమెరా ముందే వచ్చేస్తాయి, అంటే నేను అరిచాక గేమ్‌లో నా క్యారెక్టర్ చస్తుంది. కెమెరా ముందు గట్టిగా చప్పట్లు కొట్టి, వెంటనే గేమ్‌లో తుపాకి పేల్చి, రికార్డింగ్ నెమ్మదిగా నడిపి చూసుకుంటూ ఓబీఎస్ సింక్ ఆఫ్‌సెట్‌లో మిల్లీసెకన్లు సర్దుకోవాలి. మానిటర్ సంగతి కూడా అంతే, నాది 144 హెర్ట్జ్, కార్డు తీసుకునేది 60, డిస్‌ప్లే డూప్లికేట్ చేస్తే గేమ్ నాకే సాఫీగా ఆడేది కాదు. చివరికి గేమ్ పీసీలో కూడా ఓబీఎస్ పెట్టి దాని ప్రొజెక్టర్ని (ఓబీఎస్ బొమ్మని ఫుల్ స్క్రీన్‌లో చూపే విండో) క్యాప్చర్ కార్డుకి పంపా, అంటే దేని మీద బరువు తగ్గిద్దామని ఇదంతా చేశానో మళ్ళీ దాని మీదే వేశా.

మార్పు ఎక్కడొచ్చిందంటే, 2018లో ఎన్విడియా ట్యూరింగ్ కార్డులు వచ్చాయి, వాటిలో ఎన్వెంక్ అని కార్డులోనే ఉండే ఎన్‌కోడర్ క్వాలిటీ బాగా పెరిగింది. గేమ్ గీసే కోర్లు వేరు, ఈ ఎన్‌కోడర్ ముక్క వేరు, అందుకే ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) పెద్దగా పడదు. 2019లో ఓబీఎస్ 23 వచ్చాక ఫ్రేమ్‌ని ర్యామ్‌లోకి కాపీ చేయకుండా కార్డులోనే ఎన్‌కోడ్ చేయడం మొదలైంది. నేను కార్డు మార్చాక ఒకే సీన్ ఎక్స్264తో ఒకటి, ఎన్వెంక్‌తో ఒకటి అదే 6000లో రికార్డు చేసి ఫ్రెండ్స్‌కి చూపించా, ఏది ఏదో ఎవ్వరూ చెప్పలేకపోయారు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి ఒక మాట, మొదట్లో వచ్చిన జీటీఎక్స్ 1650లో ఉన్నది పాత తరం ఎన్‌కోడరే, 1650 సూపర్‌లో అయితే కొత్తది ఉంది, పేరు చూసి మోసపోకండి.

ఒక్క పీసీతో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. గేమ్ గ్రాఫిక్స్ కార్డుని 99 శాతం లాగేస్తే ఓబీఎస్‌కి తన సీన్ గీసుకోవడానికే చోటు దొరకదు, గేమ్ మీకు బానే ఉంటుంది, చూసేవాళ్ళకి మాత్రం గంతులేస్తుంది. చాలామంది వెంటనే రెండో పీసీ కొనాలేమో అనుకునేది ఇక్కడే, నిజానికి గేమ్ ఎఫ్‌పీఎస్‌కి లిమిట్ పెట్టి, ఓబీఎస్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే నాకు పూర్తిగా పోయింది. ఓబీఎస్‌లో స్టాట్స్ విండో తెరిచి చూడండి, రెండరింగ్ లాగ్ పెరిగితే గ్రాఫిక్స్ కార్డు మీద లోడు, ఎన్‌కోడింగ్ లాగ్ పెరిగితే ఎన్‌కోడర్ అందుకోలేకపోతోంది, నెట్‌వర్క్ డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరిగితే మీ నెట్‌ది తప్పు, మూడో దానికి పది పీసీలు పెట్టినా ఏమీ కాదు.

రెండు పీసీల్లో నేను నిజంగా మిస్సయ్యేది ఒక్కటే. ఒకసారి గేమ్ మధ్యలో బ్లూ స్క్రీన్ వచ్చి పీసీ రీస్టార్ట్ అయింది, స్ట్రీమ్ మాత్రం రెండోదాన్నించి నడుస్తూనే ఉంది, కెమెరా, మైక్ దానికే ఉండటంతో పది నిమిషాలు అందరితో కబుర్లు చెప్తూ కూర్చున్నా, ఒక్కరు కూడా పోలేదు. ఒక్క పీసీకి మారాక అదే జరిగితే స్ట్రీమ్ మొత్తం పోయింది, మళ్ళీ మొదలుపెట్టేసరికి సగం మంది లేరు. టోర్నమెంట్లు నడిపేవాళ్ళు, ఆగితే మాట పడాల్సొచ్చేవాళ్ళు రెండోది పెట్టుకోవాల్సిందే. గ్రాఫిక్స్ కార్డు పాతదైతే మాత్రం రెండో పీసీ కన్నా ముందు ఆ కార్డు మార్చండి.

నా పాత పీసీ ఇప్పుడు వీడియోలు ఎడిట్ చేసి రెండర్ పెట్టడానికి వాడుతున్నా, క్యాప్చర్ కార్డు కన్సోల్ గేమ్స్ కోసం మెయిన్ పీసీలో వేసుకున్నా. ఆ ఐసోలేటర్ డబ్బా మాత్రం టేబుల్ సొరుగులోనే ఉంది, ఎవరికైనా స్ట్రీమ్‌లో మోత వస్తోందంటే ముందు దాన్నే తీసి ఇస్తా.