సాంచి, విదిశ, చండీగఢ్: బౌద్ధ శిల్పంలో గ్రీకు గుర్తులు వెతుక్కుంటూ

గ్రీకు, బౌద్ధ శిల్పాల కలయిక చూడాలంటే తక్షశిలకో పెషావర్‌కో పోవాలని, అది మనవల్ల అయ్యే పని కాదని చాలామంది అనుకుంటారు. అంత దూరం అక్కర్లేదు. సాంచి, విదిశ, చండీగఢ్ చూస్తే చాలావరకు తెలుస్తుంది. చూసే వరస మాత్రం ఇదే ఉండాలి. సాంచి తోరణాల మీద బుద్ధుడి రూపం ఎక్కడా కనిపించదు. చక్రం, బోధివృక్షం, పాదాలు, ఖాళీ ఆసనం, ఇవే ఆయన. గ్రీకు బొమ్మలన్నీ చుట్టుపక్కల అలంకారంగానే ఉంటాయి. చండీగఢ్‌కి వచ్చేసరికి బుద్ధుడి ముఖమే మారిపోయి ఉంటుంది. ముందు చండీగఢ్ చూసేస్తే ఈ తేడా కంటికి ఆనదు.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ వైపు వెళ్ళే రైళ్ళు చాలా భోపాల్ మీదుగానే వెళ్తాయి. అక్కడ దిగితే రోడ్డు మీద సాంచి దాదాపు 50 కిలోమీటర్లు. సాంచికీ స్టేషన్ ఉంది కానీ ఎక్స్‌ప్రెస్‌లు ఆగేది తక్కువ. ఎక్కువమంది భోపాల్‌లో హోటల్ తీసుకుని పగటిపూట వచ్చి పోతారు. నన్నడిగితే ఒక రాత్రి సాంచిలోనే ఉండండి. లోతు తక్కువ చెక్కడాలు ఏటవాలు ఎండలోనే తేలి కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం అన్నీ చదునుగా అయిపోతాయి. మధ్యప్రదేశ్ టూరిజం వాళ్ళ హోటల్ ఉంది. శ్రీలంక మహాబోధి సొసైటీ వాళ్ళ అతిథిగృహం యాత్రికులకు సరిపోయే సాదా వసతి. నేను దిగిన ప్రైవేటు లాడ్జి ప్రకటనలో మాత్రం ‘బాల్కనీ నుంచి స్తూపం’ అని ఉంది. బాల్కనీ నుంచి కనిపించింది పక్కింటి నీళ్ళ ట్యాంకు. వేడినీళ్ళు అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చారు, అది వేరే సంగతి. నవంబర్ చివరి ఆదివారం బుద్ధుడి ముఖ్య శిష్యులు సారిపుత్త, మొగ్గల్లానల ధాతువులను (అవశేషాలను) బయటికి తీసే ఉత్సవం ఉంటుంది. ఆ రోజుల్లో గది ముందే చూసుకోకపోతే కష్టం. పొద్దున పోహా, జిలేబీ బాగుంటాయి. చారు మీద ఆశ పెట్టుకోకండి.

గైడ్‌ని మాట్లాడుకునే ముందు ‘రెండో స్తూపం దాకా వస్తారా?’ అని అడగండి. మా గైడ్ పెద్ద స్తూపం దగ్గరే ఆగిపోయి, "అక్కడేముంది సార్, తోరణాలు కూడా లేవు" అన్నాడు. నిజమే, తోరణాల్లేవు. కొండ పడమటి వాలు మీద మెట్లు దిగి వెళ్ళాలి, అందుకే జనమూ ఉండరు. కానీ మన విషయానికి ఉన్న అసలు సరుకంతా అక్కడి రాతి కంచె మీదే ఉంది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటి గుండ్రటి పతకాలు. ఒకచోట ఏనుగులు నీళ్ళు పోస్తుంటే పద్మం మీద నిలబడ్డ లక్ష్మి. ఇంకోచోట రెక్కల సింహం. మరోచోట నడుం దాకా మనిషి, కింద గుర్రం, అంటే గ్రీకుల సెంటార్. మన తుంబురుడిది గుర్రం ముఖం, మనిషి ఒళ్ళు. ఇక్కడ అంతా తారుమారు. చెక్కినవాళ్ళ చెయ్యి ఇంకా కుదురుకోలేదని కూడా తెలుస్తుంది. నాకైతే పెద్ద స్తూపం మీది నేర్పు కన్నా ఈ తడబాటే నచ్చింది.

పైకి వచ్చాక పెద్ద స్తూపం ఉత్తర తోరణం స్తంభం చూడండి. పొట్టి అంగీలు, తలకి పట్టీలు, కాళ్ళకి బూట్లు వేసుకున్న మనుషులు స్తూపానికి మొక్కుతున్నారు. ఒకడు రెండు గొట్టాల పిల్లనగ్రోవి ఊదుతున్నాడు, గ్రీకు కుండల మీద కనిపించే వాయిద్యం అదే. వీళ్ళను యవనులని, అంటే గ్రీకులని కొందరు, కేవలం విదేశీయులని కొందరు అంటారు. ఎవరైనా, ఈ దేశపు బట్టలు మాత్రం కావు. దక్షిణ తోరణం మీద శాతవాహన రాజు శాతకర్ణి శిల్పుల పెద్ద ఆనందుడి దానశాసనం ఉంది. శాతవాహనుల పేరు అంత దూరాన రాయి మీద చూస్తే మనవాళ్ళకి ఒక ముచ్చట.

మ్యూజియం శుక్రవారం మూసేస్తారు, అది చూసుకుని ప్లాన్ చేసుకోండి. లోపల అశోకుడి స్తంభం పైన ఉండే నాలుగు సింహాల బోదె ఉంది. అందరూ సింహాలతో ఫొటోలు దిగుతారు, మీరు కింది పట్టీ చూడండి. జంట హంసల మధ్య విసనకర్రలా విచ్చుకున్న ఆకుల గుత్తి ఉంటుంది. గ్రీకు గుళ్ళ అంచుల మీద ఉండే పామెట్ అదే.

విదిశ పక్కనే. ఆటో బేరం రానూపోనూ, ఆగే టైముతో కలిపి మాట్లాడుకోవాలి. బేస్‌నగర్‌లో హీలియోడోరస్ స్తంభం ఉంది, ఊరివాళ్ళకి ఖంబా బాబా. తక్షశిల నుంచి ఆంటియాల్కిదాస్ రాజు దూతగా వచ్చిన గ్రీకువాడు వాసుదేవుడికి నిలిపిన గరుడస్తంభం. ఇది బౌద్ధం కాదు, చూడ్డానికి పది నిమిషాలు చాలు. అయినా వదలొద్దు. సాంచి కొండ మీద ఆ బొమ్మలు చెక్కుతున్న కాలంలోనే యవనులు ఇంత దగ్గర్లో తిరిగారనడానికి రాతసాక్ష్యం ఇదే. సింధూరం మందంగా పేరుకుపోయి పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ చూసినప్పుడు శాసనం కనపడలేదు, ఆ తర్వాతెప్పుడో బయటపడింది.

చండీగఢ్ సెక్టార్ 10లో ప్రభుత్వ మ్యూజియం, 1968లో తెరిచిన, వాస్తుశిల్పి లె కార్బూజియే కట్టడం. దేశవిభజనప్పుడు లాహోర్ మ్యూజియం సరుకు పంచుకుంటే మన వాటాకి వచ్చిన గాంధార (తక్షశిల, పెషావర్ ప్రాంతపు) శిల్పాలు ఇక్కడున్నాయి. జనం పల్చగా ఉంటారు, ఎంతసేపు నిలబడినా ఎవరూ తొందరపెట్టరు. బూడిద రంగు రాతిలో అలలు తిరిగిన జుట్టు, భుజాల మీద మడతలు పడ్డ వస్త్రం ఉన్న బుద్ధుడు. ఆయన వెనకాలే కండలు తిరిగిన అంగరక్షకుడు వజ్రపాణి. గ్రీకు వీరుడు హెరాక్లీస్ దుడ్డుకర్ర ఉండాల్సిన చేతిలో వజ్రాయుధం. పిల్లలతో, పిల్లల్ని కాపాడే దేవత హారీతి. బరువైన పూలదండను భుజాల మీద మోస్తున్న బొద్దు కుర్రాళ్ళ వరస దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను. అమరావతి కంచె పైపట్టీ మీదా అలాంటి పొడవాటి దండే, అలాగే మెలికలు తిరుగుతూ ఉంటుంది. మోసేవాళ్ళ ఒళ్ళు మాత్రం అక్కడ మనవాళ్ళది.

సెక్టార్ 22లో మధ్యరకం హోటళ్ళు దొరుకుతాయి, మ్యూజియానికి ఆటోలో దగ్గరే. ఒక్కచోటుకే వీలైతే సాంచికే ఓటు. చండీగఢ్ కోసమే రైలెక్కమనను, సిమ్లాకో అమృత్‌సర్‌కో వెళ్తున్నప్పుడు ఒక పూట పెట్టుకోండి, సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్ప.