కంట్రోలర్‌కి అయస్కాంతం స్టిక్స్ వేశాక

గేమ్ కంట్రోలర్ స్టిక్ మీంచి వేలు తీసేసినా ఆటలో మనిషి ఎడమవైపుకి నడిచిపోతూనే ఉండేవాడు. డెడ్‌జోన్ (స్టిక్ కొద్దిగా కదిలినా ఆట పట్టించుకోని మధ్య భాగం) పెంచి కొన్నాళ్లు నెట్టుకొచ్చాను కానీ, గురిపెట్టేటప్పుడు చిన్న కదలికలు అందక చిరాకేసేది. చివరికి ధైర్యం చేసి రెండు స్టిక్స్‌నూ అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ రకానికి మార్చాను.

పాతది విప్పితే కారణం కళ్లముందే కనిపించింది. కార్బన్ పూసిన పట్టీ మీద సన్నటి లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. ఎక్కువ తిరిగిన చోట నల్లపూత గీతలుపడి ఉంది, అంచున మసిలాంటి పొడి. కొత్తదాంట్లో ఈ రాపిడే లేదు. అయస్కాంతం కదిలితే సెన్సర్ తాకకుండానే పసిగడుతుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం ఇప్పుడు నా బొటనవేలి కింద పనిచేస్తోందంటే భలే సంతోషం.

పని మాత్రం తేలిక కాదు. నా కంట్రోలర్‌లో ఒక్కో స్టిక్‌కి 14 టంకాలు. బోర్డులోని పెద్ద రాగి పొరకి కలిసే గ్రౌండ్ కాళ్లు వేడిని లాగేసుకుంటాయి, పాత టంకం ఓ పట్టాన కరగదు. బలంగా లాగితే బోర్డు మీది రాగి లేచిపోతుందేమోనని ఎంత టెన్షన్ పడ్డానో! ఫ్లక్స్ (టంకం బాగా పారేలా చేసే పదార్థం) రాసి, కాస్త కొత్త సోల్డర్ కలిపాక దారికొచ్చింది. బిగించాక క్యాలిబ్రేషన్, అంటే స్టిక్ మధ్య ఎక్కడో అంచులెక్కడో కంట్రోలర్‌కి తెలియజెప్పడం, తప్పనిసరి. అది చేసేదాకా కొత్త స్టిక్ కూడా పక్కకి లాగింది.

స్ప్రింగ్ కొంచెం బిగువు, నాకదే నచ్చింది. నొక్కితే వచ్చే క్లిక్ మాత్రం మామూలు స్విచ్చే, దానికి అరుగుదల తప్పదు. ఆరు నెలలుగా రోజూ ఆడుతున్నాను. డెడ్‌జోన్ దాదాపు సున్నా, వేలు తీస్తే మనిషి ఆగిపోతున్నాడు.