అంబులెన్స్ డ్రైవర్ లైసెన్స్ పరీక్ష ప్యాకేజీ అమ్ముతున్నారు, కొనకండి (పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్లకి)

ఒడిశాలో ఆంధ్రా బోర్డర్ దగ్గరున్న మన పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు కుర్రాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ ఈ మాట. "అంబులెన్స్ డ్రైవర్ లైసెన్స్ పరీక్ష, గ్యారంటీ పాస్, పుస్తకం మొత్తం తెలుగులో" అని వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది. మా మేనల్లుడు ఆరున్నర వేలు కట్టి ఆ ప్యాకేజీ తీసుకున్నాడు. వాడి స్నేహితులూ తీసుకున్నారు. ఆ డబ్బు రాబట్టే పని నా నెత్తిన పడింది కాబట్టి పుస్తకం, సర్టిఫికెట్, రసీదు అన్నీ తిరగేసి చూశాను. ఫిర్యాదు పెట్టబోతున్నాం కాబట్టి అమ్మినవాడి పేరు రాయడం లేదు. బోర్డర్‌కి అవతల, ఆంధ్రా వైపు ఒక గదిలో నడుపుతున్నాడు, అంతవరకు చాలు.

ముందు అసలు సంగతి. మన దేశంలో అంబులెన్స్ లైసెన్స్ అని విడిగా ఏదీ లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో లైసెన్సులు బండి రకాన్ని బట్టి ఇస్తారు. మన రోడ్ల మీద తిరిగే ట్రావెలర్, వింగర్, ఈకో అంబులెన్సులన్నీ 7,500 కిలోల లోపువే, అంటే ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు బండి) కిందికే వస్తాయి. ఎల్ఎంవీ లైసెన్స్ ఉన్నవాడు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి, అంటే కిరాయికి తిప్పే బండి కూడా నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చి చెప్పింది. అయినా కొందరు ఓనర్లు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సే కావాలంటారు, అది వాళ్ల ఇష్టం. అడిగితే తీసుకోండి. దానికి 20 ఏళ్లు నిండాలి, ఎల్ఎంవీ లైసెన్స్ చేతికొచ్చి ఏడాది కావాలి, డాక్టరు దగ్గర ఫారం 1ఏ (ఆరోగ్య సర్టిఫికెట్) రాయించుకోవాలి. రవాణా శాఖ అనుమతి ఉన్న డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. వీటిలో ఏ ఒక్కదానికీ ఆ ప్యాకేజీ పనికిరాదు.

ఇక పుస్తకం. నేను ప్రైవేటు అంబులెన్స్ నడిపేవాడినే. బరంపురం, విశాఖపట్నం పేషెంట్లని తీసుకెళ్లడమే నా బతుకు. అలాంటి నాకే ఆ పుస్తకం చదివితే కళ్లు తిరిగాయి. ఒక ప్రశ్న చూడండి: వెనక నుంచి అంబులెన్స్ సైరన్ వినబడితే మిగతా బండ్లు ఎటు తప్పుకోవాలి? జవాబు: రోడ్డు కుడి అంచుకు వెళ్లి ఆగాలి. పాతపట్నం రోడ్డులో అలా కుడికి తప్పుకుంటే ఎదురొచ్చే లారీ కిందే ఉంటాం. ఇంకో పేజీలో, పసుపు రంగు స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే ఏం చేయాలని. మరో చోట ఫ్రీవే మీద గంటకి ఎన్ని మైళ్లని. ప్రమాదం జరిగితే 911కి ఫోన్ చేయమని. మన పిల్లలకి 108 తప్ప ఇంకోటి తెలియదు, వీడు 911 నేర్పుతున్నాడు!

ఇది అమెరికా సరుకు. కాలిఫోర్నియాలో నిజంగానే అంబులెన్స్ డ్రైవర్ సర్టిఫికెట్ ఉంది. డీఎంవీ అనే వాళ్ల రవాణా శాఖ రాత పరీక్ష పెట్టి ఇస్తుంది. అక్కడ బండి రోడ్డుకి కుడి పక్కన నడుస్తుంది కాబట్టి కుడి అంచుకు తప్పుకోమనడం అక్కడికి సరైనదే. దాన్ని తెలుగులోకి దించి, అట్ట మీద అశోకచక్రం బొమ్మేసి, మన పరీక్ష ఇదేనని అమ్ముతున్నాడు. వీళ్లిచ్చే సర్టిఫికెట్ మీద హోలోగ్రామ్ మెరుస్తుంది, ఎర్ర సీలు ఉంటుంది, పేరులో 'నేషనల్' ఉంటుంది. మావాడు దాన్ని ఆర్టీవో ఆఫీసులో ఇస్తే కౌంటర్ దగ్గరాయన అటూ ఇటూ తిప్పి చూసి, దీంతో మాకు పనిలేదని తిరిగిచ్చేశాడు.

పిల్లలు ఎందుకు పడ్డారో కూడా చెప్పాలి. ఇక్కడ ఒడియా మాట్లాడటం అందరికీ వచ్చు, చదవడం దగ్గరే తడబడతారు. తెలుగులో పరీక్ష అనగానే ప్రాణం లేచొచ్చింది. 108లో పైలట్ (డ్రైవర్) అంటే మనవైపు ఇళ్లల్లో ఒక గౌరవం కూడా ఉంది. అమ్మేవాడికి ఈ రెండూ బాగా తెలుసు.

అసలు ప్రమాదం మాత్రం తర్వాత చెప్పిన మాటలో ఉంది. ఇంకో నాలుగు వేలు ఇస్తే శ్రీకాకుళం జిల్లా అడ్రస్ పెట్టించి ఆంధ్రాలో లైసెన్స్ తీయిస్తానన్నాడు. మనకి అవతల అత్తారిల్లు, ఇవతల పుట్టిల్లు. రోజూ దాటే గీత కాబట్టి ఇందులో తప్పేముందనిపిస్తుంది. కానీ లైసెన్స్ మనం ఉంటున్న, వ్యాపారం చేస్తున్న, లేదా అనుమతి ఉన్న డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్న రాష్ట్రంలోనే తీసుకోవాలి, దొంగ అడ్రస్‌తో కాదు. ఒక మనిషికి రెండు లైసెన్సులు ఉండకూడదు. తప్పుడు వివరాలతో తీసుకున్నట్టు తేలితే మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ కింద రద్దు చేస్తారు. పేషెంట్‌ని ఎక్కించుకున్న బండికి యాక్సిడెంట్ అయ్యాక ఆ లైసెన్స్ చెల్లదని తేలితే ఇన్సూరెన్స్ గొడవ ఎలా ఉంటుందో ఊహించుకోండి. మావాడు ఇక్కడ ఆగాడు, అదృష్టం. వాడి స్నేహితుడొకడు ఆధార్ కాపీ కూడా ఇచ్చేశాడు, ఇప్పుడు టెన్షన్ పడుతున్నాడు.

నిజంగా అయ్యే ఖర్చెంతో చూడండి. కేంద్ర నిబంధనల ప్రకారం లెర్నర్ లైసెన్స్‌కి 150, దాని పరీక్షకి 50, డ్రైవింగ్ పరీక్షకి 300, లైసెన్స్‌కి 200 రూపాయలు. కార్డుకీ సర్వీసుకీ కాస్త అటూ ఇటూ అవుతుంది. సారథి పోర్టల్‌లో (లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైట్) మీరే కట్టొచ్చు. లెర్నర్ పరీక్షలో 60 శాతం వస్తే పాస్. ఒడియా చదవడం కష్టమైతే ముందు రోడ్డు గుర్తులు పట్టండి, అవి బొమ్మలే కాబట్టి భాషతో పని తక్కువ. ఎర్ర అంచు గుండ్రం అంటే ఆజ్ఞ, త్రికోణం అంటే హెచ్చరిక, నీలం పలక అంటే సమాచారం. లెర్నర్ వచ్చాక 30 రోజులు ఆగి డ్రైవింగ్ పరీక్షకి వెళ్లాలి, 6 నెలల లోపు అయిపోవాలి. డ్రైవింగ్ స్కూల్లో చేరేటట్టయితే గోడ వంక చూడండి. రవాణా శాఖ ఇచ్చిన అసలు లైసెన్స్, నేర్పేవాళ్ల పేర్లు ఆఫీసులో కనబడేలా పెట్టాలని నిబంధన. ఈ పెద్దమనిషి గదిలో గోడకి దేవుడి క్యాలెండర్ తప్ప ఏమీ లేదు.

అంబులెన్స్ నడపాలంటే ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది లేదని కాదు. 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు చదవండి. సైరన్, లైట్లు అత్యవసరంగా వెళ్తున్నప్పుడే వాడాలి. అప్పుడు రెడ్ సిగ్నల్ దాటొచ్చు, వేగ పరిమితి మీరొచ్చు, కానీ తగిన జాగ్రత్తతోనే. ఫైరింజన్, అంబులెన్స్, పోలీసు బండి ఒకే చోట కలిస్తే ముందు ఫైరింజన్, తర్వాత మనం, ఆ తర్వాత పోలీసు. మనకి దారి ఇవ్వనివాడికి అదే చట్టం 194ఈ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. ఈ పుస్తకంలో ఇవేవీ లేవు. స్ట్రెచర్ దించేటప్పుడు ఎటు పట్టుకోవాలి, ఆక్సిజన్ సిలిండర్ ఎలా కట్టాలి లాంటివి మాత్రం పాత డ్రైవర్ల దగ్గర నిలబడి చూసే నేర్చుకోవాలి. ఎవరైనా వస్తే నేను డబ్బు తీసుకోకుండానే చూపిస్తాను.

డబ్బు సంగతి: అమ్మినవాడు మొదట రేపు అన్నాడు, తర్వాత నాన్ రిఫండబుల్ అని రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చేయండి. ఆ ప్యాకేజీ తీసుకున్నవాళ్లు ఇంకా ఉంటే రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజీలు చెరపకుండా ఉంచి ఇక్కడ రాయండి. పుస్తకం చింపి పారేయకండి, ఆ కుడి అంచు పేజీ మనకి కావాలి. అందరివీ కలిపి ఒకే ఫిర్యాదుగా పెడుతున్నాం.