అరుగు మీది చదరంగంలో స్టాక్‌ఫిష్: పది ఆటలు, పది ఓటములు

అమలాపురంలో మా ఇంటి అరుగు మీద ఆదివారం పూట చదరంగం ఆడే పిల్లలకు పనికివస్తుందన్న ఆశతో, ఈ వానాకాలంలో నా ఫోనులో చదరంగం ఆడే స్టాక్‌ఫిష్ అనే కంప్యూటర్ ప్రోగ్రామును పెట్టుకున్నాను. 2008లో మొదలైన ఈ ప్రోగ్రాము పూర్తిగా ఉచితం. దీనికి సొంత బోర్డు లేదు కనుక, పావులు చూపించడానికి డ్రాయిడ్‌ఫిష్ అనే యాప్ వాడుతున్నాను. గాలివాన వస్తే నెట్ పోయే కోనసీమలో, నెట్ లేకుండానే ఇది పనిచేయడం చిన్న సౌకర్యం కాదు.

మా వీధిలో 1900కు పైగా రేటింగు (ఆటగాడి బలాన్ని చూపే అంకె) ఉన్న కుర్రవాడు ఒకడు దీనితో పది ఆటలు ఆడి పదీ ఓడిపోయాడు. మూడో ఆట నా కళ్లముందే ఉంది. నల్లపావులతో ఆడుతున్న ప్రోగ్రాము 21వ ఎత్తులో తన ఏనుగును ఇచ్చి, దానికన్నా తక్కువ విలువైన అతని శకటును తీసుకుంది. లాభం తనదేనని కుర్రవాడు సంబరపడ్డాడు. మరో పదిహేను ఎత్తులకు అతని ఏనుగులు రెండూ సొంత బంట్ల వెనుకే ఇరుక్కుపోగా, బోర్డు నడుమ పాతుకుపోయిన నల్లగుర్రం ఒక్కటే ఆటంతా నడిపించింది.

ఇందులో ఆ కుర్రవాడు చిన్నబుచ్చుకోవలసిందేమీ లేదు. 1996లో ఫిలడెల్ఫియాలో ఐబీఎం వారి చదరంగం కంప్యూటరు డీప్ బ్లూపై 4-2తో గెలిచిన నాటి ప్రపంచ విజేత కాస్పరోవ్ అంతటివాడు, సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించే దాని కొత్త రూపం చేతిలో 1997లో న్యూయార్కులో 2.5-3.5తో ఓడిపోయాడు. 2006లో బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాముకు 2-4తో తలవంచిన ప్రపంచ విజేత క్రామ్నిక్, రెండో ఆటలో ఒక్క ఎత్తు దూరంలో ఉన్న ఆటకట్టును చూడలేకపోయాడు. అలసట ఎరుగని యంత్రంతో గంటల తరబడి ఆడే మనిషికి అదే అసలు కష్టం. 2020లో ఉదాహరణల నుండి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ కూడా తోడై, స్థితిని తూచే పద్ధతే మారిన స్టాక్‌ఫిష్ ముందు నేటి గ్రాండ్‌మాస్టర్లూ నిలవలేరు.

కాబట్టి ప్రత్యర్థిగా దీన్ని పిల్లలకు సిఫారసు చేయను. బలం తగ్గించే వీలుంది గాని, తగ్గించినప్పుడు పదెత్తులు అద్భుతంగా ఆడి, పదకొండో ఎత్తుకు ఏ కారణమూ లేకుండా గుర్రాన్ని వదిలేస్తుంది. సాటి పిల్లవాడు తప్పు చేస్తే ఆశతోనో భయంతోనో చేస్తాడు. పోటీలలో పట్టుకోవలసింది అటువంటి తప్పునే.

ఆట ముగిశాక తప్పులు దిద్దే పనిలో మాత్రం దీనికి సాటి లేదు. అయితే ఇది చూపేది ఎవరిది పైచేయో తెలిపే ఒక అంకె, కొన్ని ఎత్తుల వరుస మాత్రమే, కారణం చెప్పదు. అంకె చూసి పిల్లలు ఆలోచన మానేస్తారన్న భయంతో, ముందు ఎవరి తప్పు వారే పుస్తకంలో రాసుకున్నాకే ఫోను తెరవాలని నియమం పెట్టాను. మూడో ఆటను అలా తిరగేసినప్పుడు, ఏనుగు బలికి నాలుగెత్తుల ముందు తాను నాలుగో వరుస నుండి ఐదో వరుసకు జరిపిన బంటే పక్క గడికి కాపు తీసేసిందని, మిగిలిన ఒక్క కాపూ ఆ శకటేనని, గుర్రం వచ్చి కూర్చున్నది ఆ గడిలోనేనని కుర్రవాడు రాశాడు. ఫోను తెరిచి చూస్తే, ప్రోగ్రాము అంకె సరిగ్గా ఆ బంటు ఎత్తు దగ్గరే పడిపోయి ఉంది.